ఈ రొట్టెలో ఏముందంటే...

(రేడియో ప్రసంగ పాఠం)

 

ఈ వారం నన్ను బనానా నట్ బ్రెడ్ గురించి చెప్పమన్నారు. "ఇది మన వంట కాదు కదండీ" అన్నాను. "వంట మనది కాకపోయినా, గట్టు మీద మగ్గిపోతున్న అరటిపళ్ళు మనవే కదా" అన్నారు. నిజమే. సోమవారం ఆరు పళ్ళు కొంటాం. పిల్లలు మంగళవారం తింటారు, బుధవారం తింటారు, గురువారానికి తొక్క మీద నాలుగు మచ్చలు కనిపించగానే ముట్టుకోరు. పారేద్దామంటే మనకి చేతులు రావు. ఆ మూడు పళ్ళకీ దారి చూపిస్తాను. కాగితం, కలం తెచ్చుకోండి. వంట చెప్పడం అయ్యాక ఒక సంగతి కూడా చెప్పాలి, మధ్యలో రేడియో కట్టేయకండి. అసలు ఆ సంగతి చెప్పడానికే ఒప్పుకున్నాను.

మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. అరటి గెలల మార్కెట్టుకి పేరున్న ఊరది. మా ఇంట్లో గెల దూలానికి వేలాడుతూ ఉండేది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తలో రెండూ తుంపుకునేవారు. మిగిలి మెత్తబడితే మా అమ్మ గోధుమపిండి, బెల్లం కలిపి అప్పాలు వేసేది. మరీ మగ్గితే గేదెకి పెట్టేది. అరటిపండుతో రొట్టె కాలుస్తారని నేను పెళ్ళయి 2003లో ఇక్కడికి, టెక్సస్‌కి వచ్చేదాకా ఎరగను.

అప్పుడు మేం ఇర్వింగ్‌లో పాత ఇళ్ళున్న వీధిలో అద్దెకుండేవాళ్ళం. పక్కింట్లో ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేది. డెబ్భై దాటిన మనిషి, ఒక్కర్తే. ఆవిడ పెరట్లో పెద్ద పికాన్ చెట్టు. పికాన్ ఇక్కడి రాష్ట్ర వృక్షం కూడానండి, 1919 నుంచీ. అక్టోబరు, నవంబరు నెలల్లో కాయలు మా వైపు కూడా టపటపా రాలేవి. నేను ఏరి బకెట్లో పోసి ఆవిడకిచ్చేదాన్ని. ఒకరోజు ఆవిడ రేకులో చుట్టిన వెచ్చటి రొట్టె పట్టుకుని తలుపు కొట్టింది. చేతికివ్వకుండా ముందు ఇలా అంది: "ఇందులో గుడ్లున్నాయి, వెన్న ఉంది, గోధుమపిండి ఉంది, పికాన్లున్నాయి. మీరు తినొచ్చా?"

గుడ్డు తిననని చెప్పడానికి నాకు మొహమాటం వేసింది. చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. రొట్టె వెనక్కి తీసుకెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం ఇంకోటి తెచ్చింది. "గుడ్డు లేదు. పెరుగు వేశాను. మా అమ్మ కరువు రోజుల్లో గుడ్లు దొరక్క ఇలాగే చేసేది" అంది. నేనీ రోజు చెప్పబోయేది ఆ రెండో రొట్టే.

కరువు రోజులంటే 1930ల నాటి ఆర్థిక మాంద్యం. బనానా బ్రెడ్ అమెరికా ఇళ్ళల్లో బాగా పాకింది కూడా ఆ రోజుల్లోనే. మగ్గిన పండు పారేయలేని కాలం, బేకింగ్ సోడా, బేకింగ్ పౌడరు ప్రతి కొట్లోనూ చవగ్గా దొరుకుతున్న కాలం. 1933లో పిల్స్‌బరీ పిండి కంపెనీ వేసిన వంటల పుస్తకంలో ఈ వంట ఉంది. అప్పటి పండు మనం ఇప్పుడు కొనే పండు కాదు. అప్పట్లో ఇక్కడికి వచ్చేది గ్రో మిషెల్ అనే రకం. పనామా తెగులు తగిలి ఆ తోటలు పోయాక, 1960ల నాటికి కావెండిష్ రకం వచ్చింది. ఈ రోజు కొట్లో ఉన్నది అదే. మన చక్కెరకేళి రుచి దానికి లేదని మనం ఎంత నిట్టూర్చినా, రొట్టెకి మాత్రం బాగా పనికొస్తుంది. మళ్ళీ 2020లో, కరోనా వచ్చి అందరం ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు, ఈ రొట్టె ఇంటింటా కాలింది. మీలో చాలామంది మొదటిసారి చేసింది అప్పుడే అయ్యుంటుంది.

బ్రెడ్ అంటున్నాం గానీ ఇందులో ఈస్టు ఉండదు. ఇలాంటివాటిని క్విక్ బ్రెడ్ అంటారు. మన ఇడ్లీ పిండి రాత్రంతా పులిసి పొంగుతుంది. ఇది సోడాతో గంటలో పొంగుతుంది. మనం పునుగుల పిండిలో చిటికెడు వేసే వంటసోడాయే బేకింగ్ సోడా. దానికి పులుపు తగిలితే బుడగలొస్తాయి. పెరుగులో పులుపుంది, బ్రౌన్ షుగర్‌లో కొంచెం ఉంది, అరటిపండులో కూడా కొంచెం ఉంది. తడి తగిలిన క్షణం నుంచీ బుడగలు మొదలవుతాయి. అందుకని పిండి కలిపాక ఫోను ఎత్తకూడదు. వెంటనే అవెన్‌లో పెట్టాలి.

ఇక కొలతలు రాసుకోండి.

బాగా మగ్గిన మధ్యరకం అరటిపళ్ళు 3. మెదిపితే 1¼ కప్పు రావాలి. మైదా, అంటే ఆల్ పర్పస్ పిండి, 1½ కప్పు. బ్రౌన్ షుగర్ అర కప్పు, మామూలు పంచదార పావు కప్పు. తీపి తగ్గించాలనుకుంటే మామూలు పంచదార మానేయండి. నూనె గానీ కరిగించిన వెన్న గానీ కప్పులో మూడో వంతు. గట్టి పెరుగు పావు కప్పు. ఒక గుడ్డుకి బదులు ఇది సరిపోతుంది. బేకింగ్ సోడా 1 టీస్పూను, ఉప్పు అర టీస్పూను, దాల్చినచెక్క పొడి అర టీస్పూను. మా ఇంట్లో దాల్చినచెక్క బదులు ఏలకుల పొడి వేస్తాం, అప్పాల వాసన వస్తుందని. పికాన్లు గానీ వాల్‌నట్లు గానీ, తరిగినవి, ముప్పావు కప్పు. ఈ చివరిది ఉండాలా వద్దా అన్న మాట తర్వాత చెబుతాను.

పండు ఎంత మగ్గాలంటే, తొక్క పసుపు కంటే నలుపు ఎక్కువ కనపడాలి. పండు మగ్గేకొద్దీ లోపలి పిండి పదార్థం పంచదారగా మారుతుంది. ఆ తీపీ ఆ వాసనే రొట్టెకి కావాలి. బూజు పట్టినా, పులిసిన సారా వాసన వచ్చినా మటుకు పారేయండి. ఈ రోజు తీరిక లేదంటారా, తొక్క తీసి సంచీలో వేసి ఫ్రీజర్లో పెట్టండి. తొక్కతో పెడితే తర్వాత తీయడానికి అవస్థ. కరిగాక నీళ్ళు ఊరతాయి, ఆ నీళ్ళు పారబోయకండి, తీపంతా వాటిలోనే ఉంటుంది.

ముందు అవెన్‌ని 350 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పెట్టండి. ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పాలంటే 175 సెంటిగ్రేడ్. 8½ అంగుళాల పొడుగు, 4½ అంగుళాల వెడల్పు ఉన్న రొట్టె పాన్‌కి వెన్న రాసి, అడుగున కాగితం పరవండి. పప్పులు వేసేటట్లయితే అవెన్‌లో 8 నిమిషాలు వేయించి చల్లార్చండి. పచ్చివాటికీ వేయించినవాటికీ చాలా తేడా.

ఒక గిన్నెలో పండు ఫోర్కుతో మెదపండి. నూనె, పంచదార, పెరుగు వేసి బాగా గిలక్కొట్టండి. ఇంకో గిన్నెలో మైదా, సోడా, ఉప్పు, దాల్చినచెక్క పొడి కలపండి. సోడా ఉండలుంటే జల్లించండి, లేకపోతే పంటికింద సబ్బు ముక్క తగిలినట్టు ఉంటుంది. మైదా కొలిచేటప్పుడు కప్పు సంచీలో ముంచి కూరకండి. చెంచాతో కప్పులో పోసి, పైన చాకుతో సమం చేయండి. కప్పుకి 120 గ్రాములు చాలు. నొక్కి కొలిస్తే 150 దాకా పోతుంది, రొట్టె ఇటుకవుతుంది.

ఇప్పుడు పొడిపిండిని తడిలో పోసి, గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పండి. పది పన్నెండు తిప్పులు, అంతే. తెల్లపిండి కనపడకపోతే ఆపేయండి. మనకి దోసెల పిండి కలిపే చేతులు కదా, ఉండలన్నీ పోయేదాకా వదలం. ఇక్కడ అదే తప్పు. ఎక్కువ కలిపితే గోధుమలోని జిగురు సాగి, రొట్టె రబ్బరులా వస్తుంది. చిన్న ఉండలుంటే ఉండనివ్వండి.

పాన్‌లో పోసి 50 నిమిషాల నుంచి గంట దాకా కాల్చండి. 50 నిమిషాలకి మధ్యలో పుల్ల గుచ్చి చూడండి. తడి పిండి అంటితే ఇంకో 7, 8 నిమిషాలు. పైన మరీ ఎర్రబడుతుంటే రేకు కప్పండి. పైన పగులు వస్తే కంగారు పడకండి, అది రావాల్సిందే. తీశాక 10 నిమిషాలు పాన్‌లోనే ఉంచి, తర్వాత జాలీ మీదకి తిప్పండి. వేడి మీద కోస్తే ముక్కలు ముద్దవుతాయి. పిల్లలు చుట్టూ తిరుగుతారు, తెలుసు. గంట ఆపండి. మర్నాడు ఇంకా బాగుంటుంది.

మా అత్తయ్యగారు 2006లో మా దగ్గరకొచ్చి ఆరు నెలలున్నారు. మొదటిసారి చేసి పెట్టినప్పుడు, "గుడ్డు లేదు కదా అమ్మా?" అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ లేదని చెప్పాను. నాలుగోసారి అడక్కుండానే నాలుగో ముక్క తీసుకున్నారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకొస్తాను.

ఇప్పుడు ఆ సంగతి.

2011 ఉగాదికి మా ఊరి తెలుగువాళ్ళందరం ఒక బడి కెఫెటేరియాలో కలిశాం. తలా ఒక వంట తెచ్చారు. నేను మూడు రొట్టెలు చేశాను. అంతకుముందు చేసినప్పుడు పిల్లలు పికాన్ ముక్కలు ఏరి పక్కన పెట్టేస్తున్నారని, ఆసారి తెలివిగా మిక్సీలో పొడి చేసి కలిపాను. పళ్ళెం ముందు కాగితం కూడా పెట్టాను: "బనానా బ్రెడ్, ఎగ్‌లెస్" అని. మనవాళ్ళకి కావలసింది అదే కదా అనుకున్నాను.

ఒక అమ్మాయి ఐదేళ్ళ బాబుని తీసుకొచ్చింది. ఆ కాగితం చదివింది. ముక్క విరిచి చూసింది, పప్పులేమీ కనపడలేదు. వడ్డిస్తున్న కుర్రవాణ్ణి అడిగింది. వాడికేం తెలుసు, "ఉత్త బనానా కేకే ఆంటీ" అన్నాడు. నేను హాల్లో ఇంకో మూల ఎవరితోనో చీరల గురించి మాట్లాడుతున్నాను.

ఐదు నిమిషాలైందో లేదో, బాబు పెదాలు వాచాయి. మెడ మీద దద్దుర్లు లేచాయి. దగ్గు మొదలైంది, ఆ దగ్గు మామూలు దగ్గు కాదు. ఆ అమ్మాయి సంచీలోంచి ఎపిపెన్ తీసి, బాబు తొడకి లాగు మీదనుంచే గుచ్చింది. ఎవరో 911కి ఫోన్ చేశారు. ఆంబులెన్స్ వచ్చింది. దీపం వెలిగించి పంచాంగ శ్రవణం మొదలుపెట్టబోతున్న చోట, నూటయాభైమందిమీ మాట లేకుండా నిలబడిపోయాం. ఆసుపత్రిలో కొన్ని గంటలుంచుకుని రాత్రికి పంపించారు. బాబు బాగానే ఉన్నాడు. ఆ అమ్మాయి చేతిలో మందు లేకపోతే ఈ వాక్యం ఇలా చెప్పేదాన్ని కాదు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాఫీ ఇచ్చి, కాసేపాగి అంది: "అక్కా, ఎక్కడికెళ్ళినా ఇందులో ఏముంది, అందులో ఏముంది అని అడుగుతూనే ఉండేదాన్ని. అందరూ, ఇంత సుకుమారం ఏమిటమ్మా, మన ఊళ్ళో ఇవన్నీ ఉన్నాయా, కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది అనేవారు. అడిగి అడిగి సిగ్గేసి, సగం చోట్ల అడగడం మానేశాను. నిన్న కూడా మిమ్మల్ని వెతికి అడుగుదామనుకున్నాను, మళ్ళీ ఏమనుకుంటారో అని ఆ అబ్బాయిని అడిగి ఊరుకున్నాను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ "సుకుమారం" మాట, అంతకుముందు సంక్రాంతికి, నేనే అన్నాను. ఆమెకి గుర్తుందో లేదో నేను అడగలేదు. నాకు గుర్తుంది.

మా అత్తయ్యగారు గుడ్డు గురించి మూడుసార్లు అడిగితే ఎవరికీ కోపం రాలేదు. అది ఆచారం, గౌరవించాలి అనుకున్నాం. "కొంచెం తినండి, అలవాటవుతుంది" అని ఆవిడతో అనే ధైర్యం మనకుందా? మరి ఒక తల్లి బిడ్డ ప్రాణం కోసం ఒక్కసారి అడిగితే ముఖం ఎందుకు చిట్లించాం? పక్కింటి పెద్దావిడ నేను అడక్కుండానే ఉన్నవన్నీ చెప్పింది. ఆవిడ దగ్గర రొట్టె నేర్చుకున్నాను గానీ, రొట్టె చేతికిచ్చే పద్ధతి నేర్చుకోలేదు.

మన భాషలో ఒక చిక్కుందండి. "నట్స్" అనే మాటకి మనకి సరైన మాట లేదు. జీడిపప్పు, బాదంపప్పు, పిస్తాపప్పు, కందిపప్పు, అన్నీ పప్పులే. "నట్స్ ఉన్నాయా?" అని అడిగితే, "అబ్బే, ఏం లేవు, జీడిపప్పొక్కటే" అన్నవాళ్ళని నేను స్వయంగా విన్నాను. జీడిపప్పు నట్టే. బాదం, పిస్తా, వాల్‌నట్, పికాన్ అన్నీ నట్లే. వాల్‌నట్, పికాన్ ఒకే కుటుంబం, ఒకటి పడనివాళ్ళకి రెండోది కూడా పడకపోవడం చాలా మామూలు. జీడిపప్పు, పిస్తా కూడా అంతే. వేరుశెనగ చెట్టున కాసేది కాదు, చిక్కుడు జాతిది, దాని ఎలర్జీ వేరు. అందుకని "నట్స్ లేవు" అని కాకుండా, ఏం వేశారో పేర్లు చెప్పండి.

మన వంటల్లో ఇవి కంటికి కనపడవు. కుర్మాలో జీడిపప్పు ముద్ద, చట్నీలో వేరుశెనగ, కూరలో నువ్వుల పొడి. కొట్లో కొనే డబ్బా మీదైతే రాయాలని 2004లో ఇక్కడ చట్టం చేశారు. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల వంటివి, నట్లు, వేరుశెనగ, గోధుమ, సోయా, ఈ ఎనిమిదీ. 2023 నుంచి నువ్వులు తొమ్మిదోది. కానీ మన ఇంటినుంచి పట్టుకెళ్ళే గిన్నె మీద ఎవరు రాస్తారు? మనమే రాయాలి.

ఎలర్జీ ఉన్నవాళ్ళకి పైన కనపడే ముక్కలు ఏరేసి పెడితే చాలదు. అదే చాకుతో కోసినా ప్రమాదమే. అలవాటు చేస్తామని ఇంట్లో కొంచెం కొంచెం పెట్టకండి. డాక్టర్ల పర్యవేక్షణలో చేసే చికిత్స వేరు, మనం చేసే ప్రయోగం వేరు. ఊపిరాడకపోతే దద్దుర్ల మాత్ర చాలదు, ఎపినెఫ్రిన్ ఇంజెక్షనే ఇవ్వాలి. ఇచ్చాక తగ్గినట్టున్నా 911కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టవచ్చు. మన పిల్లల నేస్తాలకి ఎవరికి ఏం పడదో, మందు ఎక్కడుంటుందో, ఇంటికి పిలిచేముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు నా పద్ధతి చెబుతాను. నలుగురిలోకి తీసుకెళ్ళే రొట్టెలో నేను పప్పులు వెయ్యను. ఇంట్లో పికాన్లుంటే, ముందు గిన్నెలు, చాకు, గట్టు కడిగి, పప్పులేని రొట్టె మొదట చేస్తాను. దానికి వేరే పాన్ ఉంచుకున్నాను. పప్పుల బదులు పైన కాస్త ఓట్స్, బ్రౌన్ షుగర్ చల్లితే కరకరలాడుతుంది, ఎవరికీ లోటు తెలియదు. కాగితం మీద "ఎగ్‌లెస్" ఒక్కటే రాయను. "మైదా, పాలపదార్థం, అరటిపండు ఉన్నాయి. గుడ్డు లేదు, నట్లు వెయ్యలేదు. మా వంటింట్లో పికాన్లు వాడతాం" అని రాస్తాను. చివరి వాక్యం చదివి కొందరు తీసుకోరు. తీసుకోకపోతే నాకు చిన్నతనం లేదు. పక్కింటి పెద్దావిడ ఆ రోజు రొట్టె వెనక్కి పట్టుకెళ్ళింది, ఆవిడ చిన్నబుచ్చుకుందా?

ఆ బాబు ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. ఆరడుగుల మనిషి. మొన్న సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళమ్మతో మా ఇంటికొచ్చాడు. అప్పుడే తీసిన రొట్టె గట్టు మీదుంది. అతను వస్తాడని రెండు రోజుల ముందే ఇంట్లో ఉన్న పికాన్లన్నీ ఎదురింటివాళ్ళకిచ్చేసి, వంటిల్లంతా కడిగాను. అయినా ముక్క చేతిలోకి తీసుకుని, "ఆంటీ, ఇందులో ఏముంది?" అన్నాడు. వాళ్ళమ్మ "ఆంటీకి తెలుసులేరా" అనబోయింది. నేను ఆపాను. మైదా, అరటిపండు, పెరుగు, నూనె, బ్రౌన్ షుగర్, సోడా, ఉప్పు, ఏలకులు, అని ఒక్కొక్కటే చెప్పాను. పాన్ ఏదో, చాకు ఏదో కూడా చెప్పాను. అతను ఆఖరిదాకా విని, అప్పుడు తిన్నాడు.

మీ ఇంట్లో కూడా ఈ వారం మూడు అరటిపళ్ళు నల్లబడే ఉంటాయి. రొట్టె కాల్చండి. పక్కింటివాళ్ళకి ఓ సగం పట్టుకెళ్ళండి. తలుపు తీయగానే, ముక్క చేతికివ్వకముందే, అందులో ఏముందో చెప్పండి.

ఉంటానండి. నమస్కారం.